కళ్లు మూసుకుని దిగిన గుట్ట

మా పెద్దాయన సైకిల్ తొక్కేవాడు, నేను నెట్టేదాన్ని. అట్లా ఇద్దరం సిరిసిల్ల నుంచి కోరుట్ల అంగడి దాకా పదకొండేళ్లు బట్టలు అమ్ముకుంటూ తిరిగాం. ఆయన పేరు నేను నోటితో చెప్పను, మా కాలపు ఆడవాళ్లకు ఆ అలవాటు లేదు. ఊళ్లల్లో పిల్లలు మాత్రం "బట్టల కొమురయ్య అచ్చిండు" అని ఇంటింటికీ ఉరికేవారు. అది వాళ్ల మాట కాబట్టి ఇక్కడ పెట్టినా తప్పు లేదనుకుంటాను.

తువ్వాళ్లు, ధోవతుల మూట సైకిల్ ముందర కట్టేవాడు. వెనుక క్యారియర్ మీద నేను. ఎత్తు వచ్చిన ప్రతిచోటా నేను దిగాలి, క్యారియర్ పట్టుకుని నెట్టాలి. అందుకే ఆ తోవలో ఎత్తులన్నీ నాకు తెలుసు. ఎక్కడ అరచేతులు మండేవో, ఎక్కడ కాలి కింద మొరం జారేదో, ఏ ఎత్తు చివర చింతచెట్టు నీడ ముఖాన తగిలేదో ఇప్పుడు లేపి అడిగినా చెబుతాను. తర్వాత మా ఊళ్లో మగ్గాలు పోయి సాంచాలు వచ్చాయి. కరెంటుతో నడిచే మగ్గాన్ని మేం సాంచా అంటాం. మేమూ రెండు సాంచాలు పెట్టుకున్నాం, తిరుగుడు ఆగిపోయింది. తర్వాత ఆయన కూడా కాలం చేశాడు. ఆ తోవ సంగతి నన్ను ఎవరూ అడగలేదు. నలభై ఏళ్ల తర్వాత మా మనవరాలు అలేఖ్య అడిగింది.

అలేఖ్య నా కొడుకు రవీందర్ బిడ్డ. ఇరవై నాలుగేళ్లది, రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఆదివారం వస్తే మాత్రం కోడి కూయకముందే లేచి, నెత్తిన గిన్నెలాంటి టోపీ పెట్టుకుని సైకిల్ మీద వెళ్లిపోతుంది. ఆ సైకిల్‌ను ఒక్క చేత్తో లేపి మేడ మీదికి తీసుకుపోవచ్చు. స్టాండు లేదు, బురద ఆపే రేకు లేదు, క్యారియర్ లేదు.

"ఇంకొకరు కూసునే జాగ లేని సైకిల్ ఏం సైకిలే?" అన్నాను మొదటిసారి చూసి.

"అందుకే కొన్న బాపమ్మా. లేకుంటే బియ్యం బస్తా కట్టుకొని రమ్మంటరు మీరు."

వాళ్లది ఇరవై మంది గుంపు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన శ్యాంసుందర్ సారు వాళ్లకు పెద్ద. అందులో ఆడవాళ్లు ఇద్దరే, మా అలేఖ్య, మా వాడకట్టులోనే ఉండే హేమలత. ఈ హేమలత, నన్ను అక్కా అని పిలిచే రాజవ్వకు కోడలు. బట్టలు కుట్టే కంపెనీలో నలభై మంది మీద సూపర్‌వైజరు, ఇంట్లో మాత్రం అత్తకు ఎదురుచెప్పని పిల్ల.

దసరా దాటిన వారానికి పెద్ద రోడ్డు మీద ఇసుక లారీ ఒకటి పక్కనుంచి పోతే, ఆ గాలికే హేమలత సైకిల్ ఒరిగి రోడ్డు కిందికి పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. మేం చూడ్డానికి పోతే తనే నవ్వుతూ, "దెబ్బ నాకు తాకింది, మందు మా అత్తకు పెట్టాలె" అంది. నిజంగానే రాజవ్వ ముఖం చూడలేకపోయాం. కోడలి సైకిల్‌ను సాంచాల షెడ్డులోకి నెట్టించి, గొలుసు చుట్టి తాళం వేసి, ఆ తాళంచెవి కొంగున ముడివేసుకుని కూర్చుంది.

"అత్తా, గీ ఒక్కసారికి ఇడిసిపెట్టు" అని అలేఖ్య బతిమిలాడింది.

"నా కోడలు కంపెనీల పని చేస్తది, ఇంట్ల చేస్తది, నేనేమన్న అన్ననా? లారీ కిందికి పోత అంటే మాత్రం ఎట్ల పంపుత?"

"లారీలు లేని తోవల పోతే?"

"గసొంటి తోవ మీ తాత కాలంల ఉండె. ఇప్పుడేడుంది? ఉంటే సూపియ్యి, నా చేతులతోని తాళం తీస్త."

ఇంటికి వచ్చాక మా రవీందర్ ఇంకో ముడి వేశాడు. "హేమలత పోకుంటే నువ్వు గూడ పోవద్దు బిడ్డా. అంతమంది మొగోళ్ల నడుమ నువ్వొక్కదానివేంది?" అన్నాడు. అంటే అక్కడ తాళం పడితే ఇక్కడా పడ్డట్టే. పైగా వచ్చే ఆదివారం వాళ్లు ఏడాదిగా అనుకుంటున్న పెద్ద ప్రయాణం ఉంది. సిరిసిల్ల నుంచి కోరుట్లకు పోవాలి, జగిత్యాల వాళ్లు ఎదురొచ్చి అక్కడ కలుస్తారు. శుక్రవారం లోపల వేరే తోవ దొరకకపోతే ఎప్పటిలా పెద్ద రోడ్డు మీదనే పోదామని శ్యాంసుందర్ సారు ఫోను చేసి చెప్పాడు.

ఆ రాత్రి అన్నం తిన్నాక అలేఖ్య ఫోను పట్టుకుని నా మంచం మీదికి వచ్చింది. "బాపమ్మా, తాతా నువ్వు కోరుట్లకు ఎట్ల పోయేటోళ్లు?"

నేను మొదలుపెట్టాను. కోనరావుపేట దాకా చిన్న ఎత్తులు రెండు, ఒకటి కుంట కట్ట, ఒకటి ఎర్రమట్టి గడ్డ. కోనరావుపేట దాటాక అడవి. అడవిలో మొదటి ఎత్తు దగ్గర నేను చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేదాన్ని. రెండోది పెద్దగుట్ట, దాన్ని ఎక్కడానికి మూడుసార్లు ఆగేవాళ్లం, మూడోసారి ఆగిన చోట ఆయన బీడీ కాల్చుకునేవాడు. ఆ గుట్ట దిగాక ఎడమకు తిరగాలి. ఎడమకు తిరిగితే ఒక గూడెం, చెరువు కట్ట, మళ్లీ రెండు ఎత్తులు, రుద్రంగి. అక్కడి నుంచి కథలాపూర్ మీదుగా కోరుట్ల. నేను చెబుతున్నకొద్దీ అది ఫోనులో వేలితో గీతలు గీసుకుంది. ఒక్కొక్క ఎత్తు సరిగ్గా దొరుకుతుంటే "అవ్ బాపమ్మా, గీడ ఎత్తు ఉంది" అని నా మోకాలు మీద కొట్టేది. ఇంత చదివిన పిల్ల నా మాటను పాఠంలా రాసుకుంటుంటే నాకు గర్వం కలిగిన మాట నిజమే, దాచను.

మంగళవారం తెల్లవారుజామున పోయి పదింటికి తిరిగి వచ్చింది. కాళ్లకు తెల్లటి దుమ్ము.

"గుట్ట దిగినంక ఎడమకు తిరిగితే కంకర క్రషర్ అచ్చింది బాపమ్మా. టిప్పర్లు గిట్ల లైను కట్టి ఉన్నయి. రాజవ్వత్తకు సూపిస్తే ఇంకో తాళం ఏస్తది."

"ఇంకో ఎడమ ఉంటది, సూడు."

బుధవారం మళ్లీ పోయింది. ఇంకో ఎడమ ఉంది కానీ, అది పత్తి చేన్లలోకి పోయి ఆగిపోయింది. వచ్చి నా ఎదురుగా గడప మీద కూర్చుంది. కోపం లేదు, అలసట మాత్రం ఉంది.

"యాది చేసుకో బాపమ్మా. ఆ మూల మీద ఏముండె? చెట్టా, బండా, బాయా? ఏదన్న ఒక గుర్తు."

నేను ఆ తోవను తలలో మళ్లీ నడిచాను. పెద్దగుట్ట ఎక్కే వైపు ప్రతి బండా తెలుసు. దిగే వైపు, గుట్ట పైకొస నుంచి గూడెం దాకా మాత్రం నా తలలో ఏమీ లేదు, వట్టి చీకటి. తిరుగు ప్రయాణంలో సైకిల్ బస్సు మీద వేసుకుని పెద్ద రోడ్డునే వచ్చేవాళ్లం, కాబట్టి అటువైపు నుంచి ఎక్కింది లేదు. కానీ దిగినప్పుడైనా ఎందుకు చూడలేదా అని ఆలోచిస్తే అప్పుడు తట్టింది. ఆ గుట్ట దిగేటప్పుడు నేను ఎన్నడూ కళ్లు తెరవలేదు.

మా సైకిల్‌కు వెనుక బ్రేకు ఎప్పుడో పోయింది. ముందు మూట బరువు, వెనుక నేను. ఆయన చెప్పుకాలు ముందు చక్రానికి ఆనించి వేగం ఆపేవాడు. మొదటిసారి దిగినప్పుడు భయంతో కళ్లు మూసుకున్నాను. తర్వాత పదకొండేళ్లూ మూసుకునే దిగాను. ఈ మాట ఆయనకే ఎన్నడూ చెప్పలేదు, నవ్వుతాడని. అలేఖ్యకు చెప్పాల్సి వచ్చింది.

అది నవ్వలేదు. "మరి ఎడమ అని ఎట్ల ఎరుకైంది?" అంది.

"మీ తాత ఎడమకు ఒరిగేటోడు. ఆయన ఒరిగితే నేనూ ఒరగాలె, లేకుంటే పడ్తం."

"కొస నుంచి ఎంతసేపటికి ఒరిగేటోడు?"

"కండె మీద నలభై" అన్నాను. అడిగిందే తడవుగా నోటి నుంచి వచ్చింది.

కండె అంటే మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే చిన్న గొట్టం, దాని మీద నూలు చుట్టాలి. మగ్గం మగవాళ్లది, కండెలు ఆడవాళ్లవి. నా రాట్నం నూట ఇరవై చుట్లు తిరిగితే ఒక కండె నిండేది. చిన్నప్పటి నుంచి చుట్లు లెక్కబెట్టి లెక్కబెట్టి, భయమైనా నిద్ర పట్టకపోయినా నా నోరు దానంతట అదే లెక్క మొదలుపెట్టేది, కుడి చెయ్యి రాట్నం తిప్పినట్టు గాలిలో తిరిగేది. కాన్పు నొప్పుల్లో కూడా కండెలు లెక్కబెట్టానని మంత్రసాని ఊరంతా చెప్పింది. గుట్ట దిగేటప్పుడూ అంతే. కొస మీద కళ్లు మూసుకుంటే ఒకటి మొదలు. ఒక కండె నిండి, ఇంకో నలభై చుట్లు కాగానే సైకిల్ ఎడమకు ఒరిగేది.

అలేఖ్య చాలాసేపు నా కుడి చేతిని చూసింది. "రేపు సెలవు పెడ్త" అని లేచింది.

తాత సైకిల్ షెడ్డు వెనుక ఉంది, పటేలు కోటలాంటి గడిలో గుర్రాన్ని చూసుకున్నట్టు రవీందరే దాన్ని చూసుకుంటాడు. టైర్లు, బ్రేకులు కొత్తవి వేయించాడు. కానీ సంగతి తెలిసేసరికి ఎదురు తిరిగాడు. "అవ్వా, డెబ్బై ఆరేండ్లకు క్యారియర్ ఎక్కుతవా?"

"నువ్వు కడుపుల ఉన్నప్పుడు ఎక్కిన. అప్పుడెవ్వలు అడగలేదు."

రవీందర్ పోయి క్యారియర్ మీద మెత్తటి బొంత మడిచి కట్టాడు.

గురువారం పొద్దున పక్కింటి జగదీశ్ ట్రాలీ ఆటోలో సైకిల్ వేసుకుని, మేం ముందు సీట్లో కూర్చుని పెద్దగుట్ట కొసకు పోయాం. నేను ఒక మూట కూడా పట్టించాను. నలభై తువ్వాళ్లు, ఎర్ర అంచువి.

"గదెందుకు బాపమ్మా?"

"మూట లేకుంటే నడక వేరే ఉంటది. లెక్క కలువది."

జగదీశ్ మూట కడుతూ, "ముసలవ్వ మళ్లా దుకాణం పెడ్తుందా?" అని అడిగాడు. "నువ్వు వెనుక రా బిడ్డా, పడితే ఏరుకోను" అన్నాను.

ఎక్కి కూర్చున్నాను. అలేఖ్యకు ఎట్లా దిగాలో చెప్పాను. వేగం నా చెవులకు తెలుసు, గాలి చెవిలో ఈల వేయాలి, కొంగు మాత్రం లేవకూడదు. కళ్లు మూసుకున్నాను. ఒకటి, రెండు, మూడు. చెయ్యి తిరగడం మొదలైంది. బొంత మెత్తగా ఉంది. బ్రేకు చిన్నగా కీచుమంటోంది, ఆయన చెప్పు రాసుకునే చప్పుడు లేదు. ఎనభై దాటాక నాకు భయం వెయ్యడం లేదని తెలిసింది. భయం లేకపోతే కళ్లెందుకు మూసుకోవాలి? తెరిచాను.

ఏం చెప్పను. గుట్ట పక్కన లోయంతా టేకు చెట్లు, పెద్ద పెద్ద ఆకులు ఎండకు ఇత్తడి పళ్లేల్లా మెరుస్తున్నాయి. రోడ్డు పక్కన సీతాఫలం పొదలు, విచ్చిన కాయలు పిట్టలు తింటున్నాయి. చాలా దూరాన చెట్ల మీదుగా కొత్త రిజర్వాయరు నీళ్లు, తెల్ల ధోవతి ఆరేసినట్టు. మా రోజుల్లో అక్కడ ఏముండేదో నన్ను అడిగితే చెప్పలేను. పదకొండేళ్లు ఎదురుగా ఉన్నా చూడలేదు కదా.

"ఎంత అయింది బాపమ్మా?" అంది ముందు నుంచి.

లెక్క పోయింది.

గుట్ట అడుగుకు పోయి ఆగాం. చెప్పడానికి సిగ్గేసింది. "కండ్లు తెరిసిన" అన్నాను.

అలేఖ్య హ్యాండిల్ మీద తల ఆనించి నవ్వింది, సైకిల్ కదిలేలా నవ్వింది. "పెండ్లాం పదకొండేండ్లు మూసుకున్నదని తాతకు తెల్వదు, ఇప్పుడు తెరిసిందని గూడ తెల్వదు" అంది. మళ్లీ ఎక్కాలి. జగదీశ్ ఆటో ఎక్కించుకుంటానన్నాడు కానీ నేను ఒప్పుకోలేదు. నా చేతులతో క్యారియర్ పట్టుకుని నెట్టాను. మూడుసార్లు ఆగాం. సగం దూరం అది నన్ను నెట్టిందని ఒప్పుకుంటాను.

రెండోసారి కొంగుతో కళ్లకు కట్టుకున్నాను, నా మీద నాకు నమ్మకం లేక. ఒకటి, రెండు. రోడ్డు కొంచెం కుడికి తిరిగింది. అరవై. చల్లటి గాలి తగిలింది, అంటే నీడ. నూట ఇరవై, ఒక కండె నిండింది. ఇరవై. ముప్పై. నలభై అనేలోపల నా నడుము ఎడమకు ఒరిగింది. నేను ఒరగమనలేదు, అదే ఒరిగింది. సైకిల్ ఊగిసలాడింది, అలేఖ్య "బాపమ్మా, మెల్లగ" అని కాలు కింద పెట్టింది.

కొంగు విప్పి చూశాను. గుట్ట ఇంకా సగమే దిగాం, నేను చెప్పినట్టు దిగాక కాదు. సీతాఫలం పొదల సందులో ఎడమకు సన్నటి తారు రోడ్డు.

"ఇదా?" అంది అలేఖ్య, కొంచెం నిరాశగా. "ఇది నేను రెండుసార్లు దాటిన. మ్యాప్‌ల గూడెం కాడికి పోయి ఆగిపోతది."

"ఆగుతదో లేదో గూడెపోళ్లను అడుగుదాం. ఫోను ఈడ ఉంటదా?"

అర కిలోమీటరు పోతే గూడెం. ఇళ్ల ముందు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నాయి. గీత అనే పిల్ల, ముప్పై ఏళ్లుంటాయేమో, కాళ్లతో వడ్లు తిప్పుతోంది. మాకు చెంబుతో నీళ్లిచ్చింది. రోడ్డు ఎక్కడికి పోతుందని అడిగితే మమ్మల్ని వింతగా చూసింది.

"రుద్రంగికి. చెరువు కట్ట మీద తారేసి ఏడాదైంది. మా పోరగాండ్ల బడి ఆటో రోజు గట్లనే పోతది."

"లారీలు?"

"కట్ట మీదికెల్లి లారీ ఎట్ల పోతదక్కా? ఇనుప కమ్మెలు అడ్డం పెట్టిన్రు."

అలేఖ్య నన్ను గీత దగ్గర కూర్చోబెట్టి, క్యారియర్ ఖాళీగా గంట తొక్కి వచ్చింది. వచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది. కట్ట, రెండు ఎత్తులు, రుద్రంగి, అన్నీ చెప్పినట్టే ఉన్నాయట. నేను ఈలోపల ఊరికే కూర్చోలేదు. మూట విప్పాను. గూడెం ఆడవాళ్లు చుట్టూ చేరి అంచు పట్టి చూశారు, నూలు గట్టిదా అని గుంజి చూశారు. తిరిగి వచ్చేటప్పుడు మూట సగమైంది. గీతకు మాత్రం ఒకటి ఊరికే ఇచ్చాను, నీళ్లిచ్చిన చెయ్యి.

శుక్రవారం రాజవ్వ దగ్గరికి పోయి తోవ దొరికిందని చెప్పాం. ఫోనులో బొమ్మలు చూపించాం. ఆమె చూడలేదు.

"ఫోన్ల ఏదైనా సూపెడ్తరు. నా కండ్లతోని సూస్తెనే నమ్ముత. ఈ ఒక్క ఆదివారం ఇస్త. లారీ కనవడ్డదనుకో, సైకిల్ పాత ఇనుప సామానోనికి."

అట్లా ఆదివారం పొద్దున జగదీశ్ ఆటోలో రాజవ్వా నేనూ ఆ మలుపు దగ్గర దిగాం. పొదల వల్ల జోరుగా దిగేవాళ్లకు ఆ రోడ్డు కనబడదు, ఎవరో ఒకరు నిలబడి చూపించాలి. నా చేతిలో ఎర్ర అంచు తువ్వాలు. రాజవ్వ రోడ్డు పక్కన బండ మీద కూర్చుని కాపలాదారులా చూస్తోంది.

మొదట ఒక ట్రాక్టరు పోయింది. తర్వాత మేకల మంద, వెనుక కాపరి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"గిది లారీ చప్పుడేనా అక్కా?" అంది రాజవ్వ ఒకసారి.

"తేనెటీగలు, చెల్లే."

అప్పుడు వచ్చారు. ముందు శ్యాంసుందర్ సారు, నన్ను చూసి చెయ్యెత్తి దండం పెట్టాడు, అంత జోరులోనే. ఒక్కొక్కరే తువ్వాలు చూసి ఎడమకు ఒరుగుతున్నారు. ఒకరి తర్వాత ఒకరు అదే చోట అదే వైపు ఒరుగుతుంటే నా నడుము కూడా ప్రతిసారీ కదిలింది. అలేఖ్య "కండె మీద నలభై" అని అరుచుకుంటూ పోయింది. చివరన హేమలత. బండ మీద అత్తను చూసి పిల్ల బెదిరింది, చూపు అటే ఉంచి మలుపు దాటిపోబోయింది.

"నన్నేం సూస్తవే, ముందర సూడు" అంది రాజవ్వ.

హేమలత బ్రేకు పట్టి, తిరిగి, పొదల వెనుక మాయమైంది. కాసేపటికి చక్రాల చప్పుడు కూడా పోయింది. రాజవ్వ అటే చూస్తూ కూర్చుంది.

"మంచిగనే తొక్కుతది" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు.

"నలభై మందిని నడిపే పిల్ల, రెండు చక్రాలను నడపదా?"

ఆమె లేచి కొంగు ముడి విప్పింది, పళ్లతో లాగితే గానీ రాలేదు. తాళంచెవి నా అరచేతిలో పెట్టింది.

"నువ్వే ఇయ్యి దానికి. నేనిస్తే మెత్తవడ్డదనుకుంటది."

చెవిని నా బొడ్డుసంచిలో వేసుకున్నాను. గుట్ట అడుగున జగదీశ్‌కు ఎవరో సీతాఫలాలు ఇస్తామన్నారట, అటు దిగి, చుట్టు తిరిగి పోదామన్నాడు. ఇద్దరం ఆటో ఎక్కాం. దిగుడు మొదలు కాగానే రాజవ్వ ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో నా భుజం గట్టిగా పట్టుకుంది. తిరిగి చూస్తే కళ్లు మూసుకుని ఉంది.

"అయిపోయిందా అక్కా?" అంది.

నేను రిజర్వాయరు నీళ్ల వైపు చూస్తున్నాను.

"ఇంకా ఒక కండె ఉన్నది" అన్నాను.